గుంభనం గారి ప్రాక్సీ

తపాలా ఆఫీసులో ఆ గుమాస్తాను అందరూ గుంభనం గారనే పిలుస్తారు. ఎడమ చెవి మీద మిగిలిన నాలుగు వెంట్రుకల్నీ కుడి చెవి దాకా పాకించి, గాలికి లేవకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తారాయన. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చోవాలంటే గడియ పెట్టి, కర్టెన్ లాగి, కెమెరా కన్నానికి తపాలా బిళ్ల అతికించాల్సిందే. ఆపైన బామ్మర్ది తయారుచేసిచ్చిన ప్రాక్సీ పేజీ తెరిచి, అందులోనే సైటు అడ్రసు కొడతారు. “మనం అడిగింది మధ్యవాడు వెళ్లి తెచ్చిపెడతాడయ్యా. సైటువాడికి ఆ మధ్యవాడి అడ్రసే తప్ప మనది చచ్చినా తెలీదు,” అని టీ దగ్గర తోటి గుమాస్తాలకు పాఠం చెబుతారు. ఇంతకీ ఏం చూస్తారని అడిగితే మాత్రం మాట దాటేస్తారు.

మొన్న అత్తవారింట్లో అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు బామ్మర్ది మంచినీళ్లు అందిస్తూ, “బావా, ఆ ఉంగరాల జుట్టు విగ్గు నీకు నప్పదు. రెండోది తీసుకో,” అన్నాడు.

గుంభనం గారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “నీకెలా తెలుసురా?”

“అదేంటి బావా! నువ్వడిగినవన్నీ రోజూ వెళ్లి తెచ్చిపెడుతున్నది నా సర్వరేగా?”

అత్తగారు నవ్వు ఆపుకుంటూ ఆయన విస్తట్లో ఇంకాస్త కూర వేసింది. “ఇంటిల్లిపాదీ చూసే ఖాయం చేశాం అల్లుడుగారూ. ఆ రెండోదే బావుంది.”