సెలైన్ పెట్టని డాక్టరమ్మ

ఆమని రెండోసారి కూడా పరీక్ష దాటలేదు, నూట నలభై ఆరే వచ్చాయి. మూడు వందల ప్రశ్నల్లో నూట యాభై సరైతే చాలు, తప్పు జవాబుకు మార్కులు కోయరు. బయటి దేశంలో వైద్యం చదివి వచ్చినవాళ్లు ఇక్కడ వైద్యం చేయాలంటే ఆ పరీక్ష దాటాలి. బిష్కెక్‌లో ఆరేళ్లు చదివి వచ్చింది, పెళ్లయింది, బిడ్డ పుట్టింది, ఆ బిడ్డకు మూడేళ్లు కూడా నిండాయి. పేరు ముందు డాక్టర్ అని రాసుకునే హక్కు మాత్రం ఇంకా రాలేదు.

అయినా శామీర్‌పేటలో ఆమెను డాక్టరమ్మ అనే పిలిచేవాళ్లు. అక్కడొక చిన్న నర్సింగ్ హోమ్‌లో సహాయకురాలిగా పనిచేసేది. మందుల చీటీ రాయదు, ఎక్కడా సంతకం పెట్టదు. బీపీ చూస్తుంది, సూదిమందు వేస్తుంది, సెలైన్ ఎక్కిస్తుంది. నరం దొరకని పసిపిల్లలకైనా ఒక్క పోటుకే సూది ఎక్కిస్తుందని పేరు. మేడ్చల్ డిపో వెనక ఇంటి నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, రెండింటికి తిరిగొచ్చి, పాప అంకిత పడుకున్నంతసేపు చదువుకునేది.

మూడోసారి దరఖాస్తు పెట్టాక ఒక ఆదివారం గాజులరామారం నుంచి భానుప్రకాశ్ వచ్చాడు. బిష్కెక్‌లో ఆమెతోపాటు చదివినవాడు, అదే పరీక్షకు తయారవుతున్నాడు. ఇద్దరూ నమూనా పేపర్లు ముందేసుకుని తప్పులు చూసుకుంటున్నారు.

“నీకు రానివి తప్పు పోతలేవు ఆమనీ, వచ్చినయే పోతున్నయి,” అన్నాడతను. “గిది సూడు. జలుబు, రెండ్రోజుల జ్వరం. నువ్వు యాంటీబయాటిక్ పెట్టినవ్. గిక్కడ పిల్లకు విరేచనాలు, తాగగలుగుతాంది. నువ్వు సెలైన్ పెట్టినవ్.”

“మేం గట్లనే జేస్తం గదా.”

“మీరు జేస్తరు. పేపర్ సెట్ జేసినాయన మీ నర్సింగ్ హోమ్‌ల పనిజేయడు మరి.”

అతను వెళ్లాక ఆమె నాలుగు పేపర్ల తప్పులనూ మూడు రకాలుగా విడదీసింది. తెలియనివి, ప్రశ్న సరిగా చదవనివి, తెలిసీ చెయ్యి అలవాటుగా పెట్టేసినవి. మూడో రకం పేపరుకు పది దాకా తేలాయి. పోయినసారి తక్కువైనవి నాలుగు.

మర్నాడు నర్సింగ్ హోమ్‌లో పెద్ద నర్సు పద్మలతను అడిగింది. “పద్మక్కా, తాగగలిగే పిల్లలకు మనం సెలైన్ ఎందుకు పెడుతున్నం?”

“సీసా ఏలాడకపోతే వాళ్లకు వైద్యం జేసినట్టే ఉండదమ్మా. ఓఆర్ఎస్ పొడి పాకెట్ చేతుల పెట్టి పంపు, పొద్దూకేసరికి ఇంకో దవాఖాన్ల ఉంటరు.”

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఆమని ఆ రోజు మరో ముగ్గురు పిల్లలకు సీసాలు తగిలించింది.

పరీక్ష ఇంకో మూడు వారాలుందనగా అంకితకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తెల్లారేసరికి పిల్ల వాడిపోయింది. అత్త మనోరమ మంచం దగ్గర నిలబడి, “రోజూ ఊరోళ్ల పిల్లలకు పెడుతున్నవ్ గదా, మన పిల్లకో సీసా తెచ్చి పెట్టరాదు?” అంది.

ఆమనికీ మొదట వచ్చిన ఆలోచన అదే. ఇంత సన్నని చేతిలో నరం ఎక్కడ దొరుకుతుందో ఆమె కళ్లు అప్పటికే వెతికేశాయి. అయినా ముందు పిల్ల పొట్ట మీద చర్మాన్ని వేళ్లతో పట్టి వదిలింది. మెల్లగా సర్దుకుంది, ఒంట్లో నీరు తగ్గింది. కళ్లు కాస్త లోపలికి పోయాయి. నీళ్లు చూపిస్తే మాత్రం ఆత్రంగా చెయ్యి చాచింది. పన్నెండు కిలోల పిల్ల, కిలోకు డెబ్బై ఐదు మిల్లీలీటర్లు, అంటే నాలుగు గంటల్లో తొమ్మిది వందలు. ఓఆర్ఎస్ పొడి నీళ్లలో కలిపి చెంచాతో తాగించడం మొదలుపెట్టింది.

నాలుగో చెంచాకే పిల్ల కక్కేసింది.

“ఉన్నది గూడ కక్కిపిస్తున్నవ్,” అంది మనోరమ.

“పది నిమిషాలు ఆగి మళ్లీ తాపుదాం అత్తమ్మా.”

“గట్ల ఎవరు జెప్పిన్రు?”

“పుస్తకంల ఉంది.”

“పుస్తకం పిల్లను గన్నదా?”

మందుల కంపెనీలో పొద్దుటి షిఫ్టుకు వెళ్లిన భర్త అన్వేష్ ఫోన్ చేసి, “ఎవరన్న డాక్టర్‌కు సూపిద్దమా?” అన్నాడు. ఆ మాటకు ఆమని ఏమీ అనుకోలేదు. తనకూ అదే అనిపిస్తోంది. పిల్ల మత్తుగా పడినా, తాగడం మానినా, ఒంటిగంట లోపల ఒంటికి పోయకపోయినా ఆటోలో పెద్దాసుపత్రికి వెళ్దామంది.

రెండు నిమిషాలకో చెంచా. చెంచాతో తేరుకున్న పిల్లను తను ఇంతవరకు ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడు తట్టింది. నర్సింగ్ హోమ్‌లో అంతదాకా ఎవరూ ఆగరు. చూడనిదాన్ని పేపరులో పెట్టాలంటే చెయ్యి ఎందుకు వస్తుంది?

పన్నెండున్నర దాటాక అంకిత మనోరమ ఒళ్లో కూర్చుని ఉంది. “పోసింది,” అంది మనోరమ, కదలకుండా. “నా చీర మొత్తం పోసింది. ఇగ సల్లబడ్డదా నీ పుస్తకం?”

మిగిలిన విరేచనాలు నాలుగు రోజులకు తగ్గాయి. పరీక్ష దాకా ఇంట్లోనే చదువుకుంటానని ఆమని పని మానేసింది. “నీ చెయ్యి గసోంటి చెయ్యి మళ్ల దొరకదు,” అంది పద్మలత. అది మెచ్చుకోలో నిష్ఠూరమో ఆమని ఆరా తీయలేదు.

ఈసారి నూట యాభై మూడు వచ్చాయి.

“మూడే ఎక్కువనా?” అంది మనోరమ.

“మూడే.”

“ఇగ బోర్డు పెట్టొచ్చా?”

“ఇంకో ఏడాది ఇంటర్న్‌షిప్ చెయ్యాలె అత్తమ్మా. పెద్ద డాక్టర్ల కింద.”

“అంటే వాళ్లేం జెప్తే గది జెయ్యాలె.”

“అంతే.”

మనోరమ అంకిత జుట్టుకు రబ్బరు వేస్తూ అడిగింది. “మరి వాళ్లు సెలైన్ పెట్టమంటే?”

పిల్ల తాగగలుగుతుందో లేదో ముందు చూస్తానంది ఆమని.