కుడి అద్దం

మా ఫ్లెక్సీ షాపుకి ఎవరు ఏ ఫొటో తెచ్చినా చివరికి అడిగేది ఒకటే: "మొహం నల్లగా ఉందండీ, కాస్త తెల్లగా చెయ్యండి." పుట్టినరోజుకైనా, పెద్దకర్మకైనా అదే మాట. నేను ఆ ఫొటో వంక సరిగ్గా చూడను కూడా. బ్రైట్‌నెస్ పెంచుతాను, నీడలు తీసేస్తాను, ప్రింటుకి కొట్టేస్తాను. తిరువూరులో ఇన్నేళ్ళుగా నా బతుకు ఇదే. ఏదైనా సరిగ్గా కనబడకపోతే తప్పు బొమ్మది, సరిచేసేవాణ్ణి నేను. నా తలకెక్కిన ఈ తెలివే మా నాన్న చూపు తీసింది. ముందే చెప్పేస్తున్నాను. దాచిపెట్టి చివర్లో ఏడిపించే రకం కాదు నేను.

నాన్న లారీ డ్రైవరు. వినగడపలో పుట్టి, స్టీరింగు పట్టుకున్నాక సగం బతుకు జగదల్‌పూర్ రోడ్డు మీదే గడిపాడు. పత్తి బేళ్ళు, మామిడికాయలు, ఇటుకలు, ఏది ఎత్తితే అది. నడుం పూర్తిగా పాడయ్యాక బండి దిగాడు. దిగినవాడు ఇంట్లో ఉంటాడా? అన్నం తిని నేరుగా నా షాపుకి వచ్చేవాడు. గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని రోడ్డు మీద పోయే ప్రతి బండినీ తిట్టేవాడు. "వీడికి రివర్సు రాదు. వీడు గేరు చంపేస్తున్నాడు. వీడికి లైసెన్సు ఎవడిచ్చాడ్రా?" గంపలగూడెం షేర్ ఆటోవాళ్ళయితే ఆయన ఉన్నంతసేపు మా షాపు ముందు ఆపడం మానేశారు.

ఈ బాధ పడలేక నేనే ఒక ఉపాయం చేశాను. డిజైన్లకి కొత్త కంప్యూటరు కొనుక్కున్నాక పాతది ఖాళీగా ఉంది. అందులో లారీ తోలే ఆట ఎక్కించి, సెకండ్‌హ్యాండులో స్టీరింగు ఒకటి తెచ్చి బల్లకి బిగించాను. మొదటిరోజు అన్ని సెట్టింగులూ పైకి పెట్టి ఆయన్ని కూర్చోబెట్టాను. ఆటలో వాన మొదలైంది. ముందద్దం మీద చినుకులు పడి జారుతున్నాయి, వైపరు తుడుస్తోంది, తడిసిన రోడ్డు మీద ఎదురు బండి లైట్లు సాగిపోతున్నాయి. కుడిపక్క అద్దంలో వెనకవచ్చే బస్సు నంబరు ప్లేటుతో సహా కనపడుతోంది.

"ఒరేయ్, నిజం వానేరా ఇది!" అన్నాడు నాన్న. "తుడుచుకోటానికి గుడ్డేదిరా?"

గొప్ప చూపించుకుందామని నేను సెట్టింగులన్నీ ఒక్కసారిగా కిందికి లాగాను. చెట్లు అట్టముక్కలైపోయాయి. నీడలు పోయాయి, చినుకులు పోయాయి, అద్దంలో బస్సు చెదిరిపోయి రంగు మరకలా మిగిలింది. రోడ్డు మాత్రం అదే రోడ్డు, మలుపులు అవే మలుపులు. నాన్న మొహం మాడ్చుకున్నాడు.

"ఛీ, ఇదేంట్రా, కళ లేకుండా. ముందుదే పెట్టు."

ముందుదే పెట్టాను. ఆ తర్వాత చాలా నెలలు నాన్నంత సుఖంగా ఉన్న మనిషిని నేను చూడలేదు. షాపుకొచ్చిన వాళ్ళని పిలిచి మరీ చూపించేవాడు. నెమలి ఊరి తిరునాళ్ళ ఫ్లెక్సీలకి వచ్చినవాళ్ళు పని మర్చిపోయి ఆయన వెనక నిలబడి "తాతా, ఓవర్‌టేక్ చెయ్యి" అని అరిచేవాళ్ళు.

ఆ తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒకరోజు "చెట్టు నీడలో రోడ్డు కనపడట్లేదురా" అన్నాడు. నీడలు తీసేశాను. కొన్నాళ్ళకి "ఎదురు లైట్లు కళ్ళల్లో గుచ్చుతున్నాయి" అన్నాడు. వెలుగు చిమ్మే సెట్టింగు ఒకటుంది, అది ఆపాను. తర్వాత కుడి అద్దం పట్టుకున్నాడు. "దీంట్లో ఏమీ ఆనట్లేదురా." అద్దాల నాణ్యత అప్పటికే ఆఖరి మెట్టు మీద ఉంది, అద్దం సైజు కూడా పెంచాను. అయినా కుడిపక్క నుంచి దాటివచ్చే కారుని గుద్దుతూనే ఉన్నాడు. "ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడ్రా వీడు!" అని స్టీరింగు మీద కొట్టేవాడు. నేను నవ్వేవాణ్ణి. నా మొహం మండ, పగలబడి నవ్వేవాణ్ణి.

అంతటి డ్రైవరు రోజుకి పదిసార్లు గుద్దుతుంటే మనసు కష్టపెట్టుకుంటాడని ధైర్యం కూడా చెప్పాను. "నీ తప్పు కాదు నాన్నా, కంప్యూటరు ముసలిదైపోయింది. గ్రాఫిక్స్ కార్డు మొయ్యలేకపోతోంది." ఆయన హమ్మయ్య అనుకున్నాడు. కార్డుకి బరువు తగ్గించాలని ఆటని తెర నిండా కాకుండా చిన్న కిటికీలో ఆడేటట్టు పెట్టాను. దాంతో ఆట గబగబా నడిచింది, నాన్న గుద్దడమూ తగ్గింది. "ఇప్పుడు బాగుందిరా, అన్నీ ఒక్కచోటే ఉన్నాయి" అన్నాడు. చూశావా, నేను చెప్పలా అన్నట్టు కాలరెగరేశాను. నెల తర్వాత మళ్ళీ అద్దం ఆనట్లేదంటే కిటికీ ఇంకా చిన్నది చేశాను. ఇంకో నెలకి మరికొంత. చివరికి అంత పెద్ద తెర మధ్యలో ఆట శుభలేఖ అంత మిగిలింది. బరువు తగ్గించే ధ్యాసలో అందులో గడ్డి, చెట్లు, వాన కూడా తీసేశాను. పత్తికట్టె పీకేసిన చేలో బండి తోలుతున్నట్టు ఉండేది. కళ లేదని ఒకప్పుడు ఛీకొట్టిన మనిషి ఇప్పుడు ఒక్క మాట అనలేదు. అదన్నా నాకు తట్టి ఉండాల్సింది.

అమ్మకి తట్టింది. "ఆయనకి చూపు ఆనట్లేదురా. పళ్ళెం పక్కన గ్లాసు రోజూ తన్నేస్తున్నాడు. గుమ్మం పక్కన బకెట్టుకి మోకాలు కొట్టుకున్నాడు. కళ్ళ డాక్టరుకి చూపించరా," అంది. ఒకసారి కాదు, మూడుసార్లు అంది. మూడోసారి నేను కంచం ముందు నుంచి లేచి అరిచాను. "రోజూ నా ముందే లారీ తోలుతున్నాడమ్మా! మొన్నగాక మొన్న ఇంత ఇరుకు సందులో రివర్సు పెట్టాడు. కళ్ళు లేనోడు పెడతాడా? అసలు గ్లాసు అక్కడెందుకు పెట్టావు నువ్వు?" నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాన్న కూడా నా వైపే మాట్లాడాడు. ఆ తర్వాత అమ్మ మళ్ళీ అడగలేదు. బకెట్టు పెరట్లోకి మార్చింది, గ్లాసు పళ్ళేనికి ఎదురుగా పెట్టడం మొదలెట్టింది.

ఒక మధ్యాహ్నం గంపలగూడెం నుంచి ఒకాయన ఉచిత కంటి శిబిరం ఫ్లెక్సీకి వచ్చాడు. "పోయినేడు మీరే చేశారుగా అన్నా. ఆ ఫైలే తీసి తేదీ మార్చండి, చాలు." మా పనంతా అంతే. పాత ఫైలు తెరుస్తాం, తేదీ మారుస్తాం, మిగతా మేటరు చదవం. ఆరోజు మాత్రం శిబిరం జరిగే చోటు కూడా మారింది. ఆ కొత్త లైను పట్టక, కింద ఉన్న అక్షరాలు జరపాల్సి వచ్చింది. జరపాలంటే చదవాలి. నేను టైపు చేసిన అక్షరాలనే మొదటిసారి చదివాను.

పక్కల నుంచి వచ్చేవి కనబడకపోవడం. లైట్లు చూస్తే కళ్ళు చెదరడం. నీడలో, మసక వెలుతురులో తడబాటు. నొప్పి ఉండదు, తెలియకుండానే చూపు పోతుంది. నీటికాసులు (గ్లకోమా) కావచ్చు, వెంటనే పరీక్ష చేయించుకోండి.

నాన్న నా వెనకే కూర్చుని తోలుతున్నాడు. నేను లేచి ఆయన కుడిచెవి పక్కన చెయ్యి చాపాను. వేళ్ళు ఆడిస్తూ మెల్లగా ముందుకు తెచ్చాను. చెంప దాటింది, కనుకొస దాటింది. ఆయన తల తిప్పలేదు. దాదాపు ముక్కు ముందుకి వచ్చాక విసుక్కున్నాడు.

"ఏంట్రా, చెయ్యి అడ్డం పెడతావ్?"

గంపలగూడెం ఆయన ఏం జరిగిందో తెలియక నా మొహం చూస్తున్నాడు. ఇదే మేటరు పోయినేడు ఈ వేళ్ళతోనే కొట్టాను. అప్పటికి నాన్న చెట్టు నీడ ఒక్కటే కనపడట్లేదన్నాడు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి బెజవాడ తీసుకెళ్ళాను. ఆసుపత్రిలో గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, చేతికి బటన్ ఒకటిచ్చారు. ఎక్కడ వెలుగు చుక్క కనపడినా వెంటనే నొక్కాలి. "ఇదీ ఆటేనా అమ్మా?" అని నాన్న హుషారుగా అడిగాడు. "ఆటే తాతగారూ, కనపడగానే నొక్కండి," అంది ఆ అమ్మాయి. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఒకసారి టిక్కుమంది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. "చుక్కలు రావట్లేదేంటమ్మా?" అన్నాడు నాన్న. ఆ అమ్మాయి యంత్రం ఆపి కాగితం తీసింది.

పరీక్ష కాగితం నిండా నలుపే. నడిమధ్య గోరంత తెలుపు. నాన్న కళ్ళలో మందు వేయించుకుని బయట బెంచీ మీద ఉన్నప్పుడు డాక్టరమ్మ నాతో అంది. "పోయిన చూపు తిరిగి రాదండీ. ఉన్నది నిలబెట్టడానికి చూద్దాం. ఏడాది ముందు తెచ్చుంటే చాలా మిగిలేది. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"లేదండీ," అన్నాను. అమ్మ గమనించిందని చెప్పడానికి నోరు రాలేదు.

చుక్కల మందు తప్పకుండా వేస్తున్నాం. ఆపరేషను కూడా చేశారు. అయినా ఆ గోరంతా నిలవలేదు. ఇప్పుడు ఎడమకంటికి వెలుతురు తెలుస్తుంది, కుడికంటికి అదీ లేదు. ఆయన మాత్రం షాపుకి రావడం మానలేదు. నా భుజం పట్టుకుని వచ్చి అదే స్టూలు మీద కూర్చుంటాడు. బల్ల మీద స్టీరింగు నేను ఎప్పుడో విప్పేశాను.

మొన్నామధ్య ఒకరోజు కరెంటు పోయి ప్రింటింగు మిషను ఆగిపోయింది. షాపులో మేమిద్దరమే. ఉన్నట్టుండి నాన్న అడిగాడు.

"ఆరోజు నన్ను బయట కూర్చోబెట్టి డాక్టరమ్మ నీతో ఏం చెప్పిందిరా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నావల్ల కాలేదు. నీడలు తీసేయడం, కిటికీ చిన్నది చేయడం, చదవకుండా కొట్టిన ఫ్లెక్సీ, అన్నీ చెప్పాను. కార్డు మీదికి నెట్టిందంతా ఆయన కళ్ళ జబ్బేనని చెప్పాను. నాన్న చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నాడు.

"అప్పుడే తీసుకెళ్ళుంటే నిలిచేదా?"

"నిలిచేది నాన్నా."

నాన్న కోపం నాకు తెలుసు. లారీ క్లీనర్లు వారానికొకడు మారేవాళ్ళు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండు, కొట్టినా బాగుండు అనుకున్నాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మీ అమ్మ నీకు మూడుసార్లు చెప్పిందిగా?"

"చెప్పింది."

"అయితే ఈ ముక్క దానికి తెలియనీకు. నిన్ను క్షమించదురా అది. నేను పోయాక మీరిద్దరే కదా ఒకళ్ళకొకళ్ళు."

నేను స్టూలు పక్కన కూలబడి, ఆయన మోకాలికి తల ఆనించి, నలభై దాటినవాణ్ణి, భోరుమని ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి వెయ్యబోయి తడుముకున్నాడు.

రోజూ పొద్దున చుక్కలు వేసేది అమ్మే. నాన్న తల వెనక్కి వాల్చి కూర్చుంటాడు, నేను సీసా మూత పట్టుకుని నిలబడతాను. ఆ వేళప్పుడు అమ్మ తరచూ అనే మాట ఒకటుంది. "మూడుసార్లు చెప్పి ఊరుకున్నాను. తప్పు నాదేరా. నాలుగోసారి కూడా చెప్పుండాల్సింది."

"ఎప్పుడు తీసుకెళ్ళినా ఇంతేనంటమ్మా," అంటాను నేను.

మందు కారిపోకుండా కళ్ళు గట్టిగా మూసుకునే, "వాడు చెప్పేది నిజమేనే," అంటాడు నాన్న.