అత్త వేషంలో చేపల బేరం

ఆ రోజుల్లో ఈ సంగతి రాసి పెట్టుకోవాలని నాకు అనిపించలేదని కాదు. అనిపించింది. కానీ అప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. కాంటా మీది అంకెలు, బస్సు మీది అంకెలు, అంతే నా చదువు. మా పెద్దపిల్ల కాలేజీలో చేరిన యేడు, చర్చి వెనకాల గదిలో సాయంత్రాలు ఆడవాళ్లకు చదువు చెబుతున్నారని తెలిసి, చేపల వాసన పోయేదాకా చేతులు రుద్దుకుని వెళ్లి కూర్చున్నాను. అందరూ ముందు 'అమ్మ' రాయడం నేర్చుకున్నారు. నేను 'అత్త' అని అడిగి మరీ రాయించుకున్నాను. ఆమె గురించి రాయాల్సింది అంత ఉంది మరి. మొన్న ఆమె దగ్గర కూర్చుని, ఫలానా సంగతి రాస్తున్నానని చెబితే, "రాస్కో, గని నేను లావుగుంటినని రాయకు" అంది. (లావుగానే ఉండేది. ఈ కథకు ఆ లావు చాలా అవసరం, అందుకని రాయక తప్పదు.)

మాది షామీర్‌పేట చెరువు పక్కన చేపలు పట్టేవాళ్ల వాడ. మగవాళ్లు పడతారు, ఆడవాళ్లు అమ్ముతారు. కట్ట దిగి రోడ్డు మలుపు తిరిగేచోట ఆడవాళ్లు ప్లాస్టిక్ పట్టాలు పరుచుకుని, గంపలు ముందు పెట్టుకుని వరుసగా కూర్చుంటారు. ఎవరి జాగ వాళ్లది. మా జాగ మలుపులో మొదటిది. ఆదివారం కొంపల్లి నుంచి, కౌకూర్ నుంచి కార్లలో వచ్చేవాళ్లు బ్రేకు వేస్తే బండి సరిగ్గా మా గంప ముందు ఆగేది. ఆ జాగ కోసం కళ్లు పెట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు. అయితే దానికో కట్టుబాటు ఉంది. వారం రోజుల పాటు ఇంటి ఆడమనిషి వచ్చి కూర్చోకపోతే ఆ జాగ అడిగినవాళ్లకు పోతుంది. మగవాడు కూర్చుంటే అది కూర్చున్నట్టు లెక్క కాదు. ఎందుకలా అని పెళ్లయిన కొత్తలో మా అత్తను అడిగాను. "మొగోడు అమ్ముతడానే? గంప ముంగట వెట్టుకొని దానికి కావలుంటడు" అంది.

ఆ మాట ఎంత నిజమో నా మొదటి కాన్పప్పుడు తెలిసింది. నాకు తల్లి లేదు కాబట్టి పురుడు అత్తింట్లోనే. మా అత్తకు ఒక కంట్లో పొర వచ్చి చూపు ఆనడం లేదు. నా నెలలు నిండేలోపు ఆపరేషన్ చేయించుకుని లేచి తిరగాలని ఆమె లెక్క. లెక్క ఆమెది, పిల్ల తొందర పిల్లది. ఆమె కంటికి పట్టీ కట్టించుకుని వచ్చిన మూడోనాడే నాకు నొప్పులు మొదలయ్యాయి. ఇక చూడండి మా ఇంటి అందం. ఒక మంచం మీద చెవుల్లో పత్తి, తలకు గుడ్డ కట్టుకున్న బాలింతను నేను. ఇరవై ఒకటో దినం దాకా గడప దాటరాదు, గాలి తగలరాదు, చన్నీళ్లు ముట్టరాదు. ఇంకో మంచం మీద పెద్ద నల్లద్దాలు పెట్టుకున్న మా అత్త. వంగరాదు, ఎండకు పోరాదు, దుమ్ము పడరాదు, పొయ్యి ముందు కూర్చోరాదు. మధ్యలో ఉయ్యాలలో, ఎప్పుడంటే అప్పుడు గొంతెత్తే పిల్ల. ఈ ముగ్గురి మధ్య మా ఆయన. తెల్లారకముందు వల తీసుకుని చెరువులోకి, వచ్చి పొయ్యి మీద గంజి, అత్త కంట్లో మందు చుక్కలు, పిల్ల గుడ్డలు, ఆ తర్వాత గంప నెత్తిన పెట్టుకుని మా జాగలోకి. కంట్లో వేయాల్సిన మందు ఓసారి తల్లి చెవిలో వేయబోయాడు పాపం.

బేరం ఆయనకు చేతకాదు. ఎవరైనా ధర తగ్గించమని అడిగితే సిగ్గుపడి తగ్గించేవాడు. అడగకపోయినా, వాళ్లు అడుగుతారేమోనని తగ్గించేవాడు. దోస్తులు బండ్ల మీద పోతూ "ఏందిరో, చీర కట్టుకోలే?" అని అరిస్తే, గంప అక్కడే వదిలి చాయ్ హోటల్ వెనక్కి పోయేవాడు. అట్లా వారం దగ్గర పడింది. ఒకనాడు ఖాళీ గంపతో వచ్చి, గడపలో నిలబడి, "గొడుగత్త అడుగుతాంది. ఆదివారం దాకా చూస్తరట. ఆడమనిషి రాకపోతే ఆమె బిడ్డ కూసుంటదట" అన్నాడు.

గొడుగత్త అంటే వరుసలో మా పక్క జాగ ఆమె. రంగురంగుల పెద్ద గొడుగు ఆమెది. మా అత్తను అక్కా అని పిలుస్తుంది కాబట్టి నాకు అత్త వరుస. ఆమె బిడ్డ మొగుడితో పడక తల్లి దగ్గరికి వచ్చేసింది, ఆమెకో జాగ కావాలి. ఈ మాట వినగానే మా అత్త మంచం మీద నుంచి కాళ్లు కిందికి దించింది. "నా చెప్పులు దే. నేనే పోత" అంది. దుమ్ములో కూర్చుంటే కన్ను పోతుందని డాక్టరమ్మ చెప్పింది కదా అన్నాను. "రెండోది ఉన్నది గదా" అంది మా అత్త. ఇంకో కంట్లోనూ పొర ఉంది. జాగ పోతే మాకు తిండి పోయినట్టే, కన్ను పోతే ఆమెకు బతుకే పోయినట్టు. నేను ఆమె భుజాలు పట్టి కూర్చోబెట్టాను. అప్పుడు ఆమె నల్లద్దాలు నా మొహానికి దగ్గరగా వచ్చాయి. వాటిలో నా మొహమే కనబడింది. ఆ క్షణంలో వచ్చిన ఆలోచన నాదా ఆమెదా అని ఇప్పటికీ మాకు పేచీ. నాదే.

శుక్రవారం తెల్లారేసరికి మా ఆయన బయటి నుంచి వచ్చి చూస్తే తన తల్లి ఇద్దరైంది. నేను సన్నగా పుల్లలా ఉండేదాన్ని. నా చీర మీద ఆమె చీర, నడుము చుట్టూ ఒక పాత బొంత, కొంగు నుదుటి దాకా, కళ్లకు నల్లద్దాలు, దవడలో ఆమె తమలపాకు. (ఆకు నోట్లో ఉంటే మాట్లాడే పని తక్కువని అత్తే పెట్టింది. ఆ జర్దాకు నాకు చెరువు కట్టంతా తిరిగింది.) ఇంట్లో మా అత్త తలకు గుడ్డ కట్టుకుని, నా దుప్పటి మెడ దాకా కప్పుకుని, గోడ వైపు తిరిగి బాలింత అయింది. బాలింత గది చీకటిగానే ఉంటుంది, అద్దాలు లేకపోయినా ఆమె కంటికి మంచిదే. పిల్లకు కడుపు నిండా పాలు పట్టి, మళ్లీ ఏడ్చేలోపు రావాలని ఒట్టు. మా ఆయన మా ఇద్దరినీ చూసి ఒకటే మాట అడిగాడు. "నేను ఎవలను ఏమని పిలవాలె?"

ఆశ్చర్యం ఏమిటంటే సాగింది. గంప ముందు కూర్చుని, తల వంచుకుని, కత్తిపీట మీద చేపలు కోస్తూ, అడిగినవాళ్లకు 'ఊ' అంటే 'ఊ' అని నడిపించాను. కష్టమల్లా గొడుగత్తతోనే. ఆమె నా వైపు జరిగి కూర్చుని, నా గురించి నాకే చెప్పడం మొదలుపెట్టింది. "నీ కోడలు లేచిందా అక్కా? బాలింతనని సాకు దొరికింది, ఇగ నెలదాకా లేవది." నేను 'ఊ' అన్నాను. "అది పులుసు పెడితే చచ్చిన చేప సుత చెరువుకు ఉరుకుతదంటివి గద మొన్న." నాకు కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. "ఊ" అన్నాను, కాస్త గట్టిగా. "తిండి మాత్రం ఇద్దరి తిండి తింటదంటివి." ఊ. "ఐనా నా చెల్లె బిడ్డను చేసుకొమ్మంటే వినకపోతివి." ఇంటికి పోయి, పిల్లకు పాలిస్తూ, దుప్పటి కింద ఉన్న మా అత్తను అడిగాను, నా పులుసు గురించి అట్లా అన్నావా అని. ఆమె దుప్పటి తలమీదికి లాక్కుని, "బాలింతతోని గంత గట్టిగ మాట్లాడరు" అంది.

ఆమె పాట్లు ఆమెవి. శనివారం వాడలోని ముసలామె ఒకతె బాలింతకు సాంబ్రాణి పొగ వేస్తానని నిప్పులు పట్టుకుని గదిలోకి వచ్చిందట. పొగ తగిలితే కన్నుకు ముప్పు. మా అత్త గొంతు సన్నం చేసి, "వద్దవ్వా, నాకు సిగ్గయితది" అందట. ముసలామె బయటికి వచ్చి మా ఆయనతో, "నీ పెండ్లాం గొంతు మారింది కొడుకా, సలువ చేసింది. మిరియాల కషాయం తాపియ్యి" అని చెప్పి, తానే కాచి, దగ్గరుండి తాగించి పోయింది.

అసలు పరీక్ష ఆదివారం. కార్లు వరుస కట్టాయి. ఒక గంప అయిపోతే మా ఆయన ఇంకోటి తెచ్చాడు. లేవడానికి సందు లేదు. పొద్దు ఎక్కింది, పాలిచ్చే వేళ దాటిపోయింది, రొమ్ములు రాయిలా బిగుసుకున్నాయి. ఇప్పుడు లేస్తే బేరాలు పోతాయి. పైగా గొడుగత్త బిడ్డ వచ్చి తల్లి వెనకాల నిలబడి ఉంది, చంకలో మడత పెట్టిన కొత్త పట్టాతో. నేను పళ్లు బిగించి చేప పొలుసు గీకుతున్నాను. అంతలో ఒక కారు ఆగింది. ముందు సీటులో ఒకమ్మాయి ఒళ్లో పసిబిడ్డ, కారు ఆగగానే గుక్కపట్టి ఏడ్చింది. ఎవరి బిడ్డో. కానీ నా ఒంటికి ఆ తేడా తెలియలేదు. రెండు చీరలు, బొంత, అన్నీ దాటి తడి బయటికి వచ్చింది. కొంగు లాక్కున్నాను. కొంగూ తడిసింది.

గొడుగత్త మెల్లగా నా వైపు వంగి, "ఏం కారుతాంది అక్కా?" అంది.

"ఐసు" అన్నాను.

ఆమె నా కాళ్ల దగ్గరి ఐసుగడ్డను చూసింది, నా ఛాతీని చూసింది. "ఐసు కిందున్నది, తడి మీద ఎట్లయింది?" అంది. నేను ఆకు నములుతూ ఉండిపోయాను. "గీ వయసుల పాలు వడుడు నేనేడ చూడలే. డాక్టరమ్మ గా మందు కంట్లనే పోసిందా, ఇంకేడన్న పోసిందా?" అని, నా చెవి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "లే పిల్లా. ఇంటికి పో. బిడ్డ ఏడుస్తుంటది" అంది.

"ఎప్పటి సంది ఎరుక?" అని అడిగాను.

"శుక్రారం పొద్దుగాలనే. నా గొడుగు నీడ పడితే మీ అత్త ఒక్కనాడన్న ఊకున్నదా? ఎండల మాడుతది గని నా నీడల కూసోదు. నువ్వేమో పిల్లి తీర్గ జరుగుకుంట జరుగుకుంట గొడుగు కిందికే వస్తివి."

"మరి గవన్నీ నాకెందుకు చెప్పినవత్తా?"

"ఎదురు చెప్పకుంట ఊ కొట్టేటోళ్లు దొరుకుతరా నాకు? సగం నేనే కలిపిన."

"ఏ సగం?"

"నీకు కోపమొచ్చిన సగం నాది అనుకో" అంది.

జాగ సంగతి ఎట్లా అడగాలో తెలియక ఆమె బిడ్డ చంకలోని పట్టా వైపు చూశాను. ఆమె దాచలేదు. "నువ్వు రాకపోతే ఇయ్యాల పరుద్దుమనే తెచ్చినం. వస్తివి. వచ్చినంక ఇగ ఏమున్నది" అంది. అని లేచి నిలబడి, వరుసంతా వినబడేట్టు గొంతెత్తింది. "ఇనుండ్రి. అక్కకు కన్ను మంట పెడుతాందట. కోడలు పురుడు ఎల్లిందాక నా బిడ్డ ఈ జాగల వాళ్ల చేపలు అమ్ముతది, అమ్మినదాంట్ల ఇంత తీసుకుంటది. ఎల్లినంక అక్క కోడలొచ్చి కూసుంటది. జాగ వాళ్లదే. ఒప్పేనా?"

"ఒప్పే" అన్నారు అందరూ, ఒకరి తర్వాత ఒకరు. వరుస చివర కూర్చున్న ఇంకో ముసలామె మాత్రం చేప తిప్పుతూ, తల ఎత్తకుండా, "నీ కోడలికి చెప్పు అక్కా, చెవులల్ల పత్తి పెట్టుకొమ్మని. కట్ట మీద గాలి మంచిది కాదు" అంది. వరుస వరుసంతా నవ్వింది. ఐసు అమ్మే ఆయన కూడా నవ్వాడు. నల్లద్దాలు పెట్టుకుంటే నేనెవరికీ కనబడనని మూడు రోజులుగా అనుకున్నది నేనొక్కదాన్నే.

బొంత జారిపోతుంటే పట్టుకుని పరిగెత్తాను. ఇంట్లో పిల్ల ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉంది. మా అత్త మంచం మీద కూర్చుని, తన వేలు దాని నోట్లో పెట్టి బతిమాలుతోంది. పిల్ల రొమ్ము అందుకోగానే ఇల్లంతా నిశ్శబ్దమైంది. జరిగిందంతా చెప్పాను. తన శత్రువు దయ వల్ల జాగ నిలబడిందన్న సంగతి మింగుడు పడక మా అత్త దుప్పటి విదిలించి మడతపెట్టింది. తర్వాత, "దాని బిడ్డకు కోయడం సక్కగ రాదు. పొద్దుగాల ఎవలన్న చూపియ్యాలె" అంది. చూపించేది తానేనని మాకు అర్థమైంది. దుమ్ములోకి పోవద్దని నేనూ మా ఆయనా ఒక్క గొంతుతో అన్నాం. చివరికి ఆ పిల్లనే తెల్లారి మా ఇంటికి పిలిపించి, మా వాకిట్లో నేర్పించడానికి ఒప్పుకుంది.

మరునాడు పొద్దున వాకిట్లోంచి అత్త గొంతు వినబడింది. "గట్ల కాదే, తోక దిక్కు నుంచి గీకు." ఆ తర్వాత ఉయ్యాలలో పిల్ల మెల్లగా మొదలుపెట్టింది. ఆకలి ఏడుపు కాదు, తడి ఏడుపు. తల్లికి ఆ తేడా తెలుస్తుంది. మా ఆయన గదిలోకి వచ్చి, నా మంచం దగ్గర నిలబడి, "ఇగో, లేచినవా?" అని అడిగాడు. మళ్లీ అడిగాడు. ఇరవయ్యేళ్లు కూడా నిండని బాలింతను, కాన్పయినప్పటి నుంచి ఒక్క పొద్దన్నా కంటినిండా నిద్రపోనిదాన్ని, అన్నీ వింటూనే ఉన్నాను. ఆయన నిట్టూర్చి, గుడ్డ వెతికి, తలకిందులుగా కట్టి, విప్పి, మళ్లీ కట్టాడు. నేను కళ్లు గట్టిగా మూసుకుని, నవ్వు బయటికి రాకుండా పెదవి కొరుక్కుని, గోడ వైపు తిరిగి పడుకున్నాను.