వాలు మీద చూసిన డీజిల్

అప్పట్ల నేను దుమ్ముగూడెం అవతలి అడవి గూడేలకు పోయి టీకాలేసే నర్సును. కిరాయి జీపుల తిరిగేదాన్ని. దాని డ్రైవర్‌కు బ్యాటరీ మీద నమ్మకం లేదు. తోస్తే స్టార్టయితదని బండిని ఎప్పుడూ దిగుడు మీదనే ఆపేటోడు. డీజిల్ ముల్లు పనిచెయ్యదు, అక్కడ్నే ట్యాంకుల పుల్ల పెట్టి చూసేటోడు. బండి వాలుగ ఉంటే డీజిల్ ఒకపక్కకు జారి ఎక్కువ కనబడుతదన్న సోయి మా ఇద్దరికీ లేకపాయె.

ఆ పొద్దు సగం తొవ్వల, చదును రోడ్డు మీద, బండి దగ్గి దగ్గి ఆగింది. ఎండ మండిపోతున్నది. నా ఒళ్లో మూత సరిగ్గ పట్టని టీకాల డబ్బా, లోపల ఐసు. గూడెంల తల్లులు ఇప్పపూలు ఏరుడు ఆపి నాకోసం కూసుంటరు. పోయిన నెల ఆలస్యంగ వచ్చిండ్రని వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టిన. ఇప్పుడు నేనే పోకుంటే మళ్ల నా మాట ఎవరింటరు?

డ్రైవర్ ఎవరిదో సైకిల్ అడుక్కొని పోయి, గంటకు క్యాన్‌ల డీజిల్ తెచ్చి పోసిండు. చాబీ తిప్పిండు. రాలే. మళ్ల తిప్పిండు. బ్యాటరీ గొంతు సన్నబడింది.

"ఆపవయ్యా! పైపుల గాలి పట్టింది, ఎంత తిప్పినా రాదు," అని గయ్యిమన్న.

"సూదులేసుడు వేరే, ఇది వేరే మేడం."

నాకు ఒళ్లు మండింది. మా ఊరు తల్లాడల మా నాయిన డీజిల్ ఇంజన్‌తోనే పొలం పారిచ్చిండు. అది డీజిల్ అయిపోయి ఆగినప్పుడల్లా పానా అందిచ్చింది నేనే. డబ్బాను నీడకు పెట్టి, బానెట్ ఎత్తి, ఫిల్టర్ మీది బోల్టు వదులు చేసిన. "చేతి పంపు కొట్టు," అన్న. గొణుక్కుంట కొట్టిండు. ముందు నురగ, బుడగలు. తర్వాత డీజిల్ ధార కట్టి నా కుచ్చిళ్ల మీదనే పడ్డది. బోల్టు బిగించి "ఇగ తిప్పు" అన్న. మూలిగి మూలిగి అందుకున్నది.

"అరె మేడం!" అని పండ్లన్నీ బయటపెట్టిండు. నాకూ నవ్వాగలే.

రెండు మలుపులు దాటంగనే ఎదురుంగ ఆడోళ్లు, చంకల పిల్లలు. గూడెం ఇంకా చానా దూరముంది. గాబరాగ దిగి "ఏందమ్మా, ఎటు పోతుండ్రు?" అన్న.

ముందున్నామె చెమట తుడుచుకున్నది. "ఐసు కరిగితే మందు ఖరాబైతదని నువ్వే తిట్టినవ్ గద నర్సమ్మా. నువ్వెంతకూ రాకపోతివి, మేమే ఎదురొస్తున్నం."

మూత తీసి చూసిన. ఐసు ఇంకా ఉన్నది. తిట్టినందుకు సిగ్గయింది, అంతకన్న ఎక్కువ సంబరమైంది. రోడ్డు పక్కనే నీడకు కూసోబెట్టి, మూడుసార్లు సబ్బు పెట్టి చేతులు కడుక్కొని టీకాలేసిన. పిల్లలు సూదికి ఏడ్చిండ్రు, తల్లులు నా చీర మీది డీజిల్ మరకలు చూసి నవ్విండ్రు.