పసుపు పూసిన కాలిపీట

మీ కారు క్లచ్ ప్లేటు కాలిపోతే ముందు ఎక్కడికి వెళ్తారు? మెకానిక్ దగ్గరికా, మొక్కు దగ్గరికా?

1974లో అరకులో సంతకు వెళ్లే దారి పక్కన నాకు కార్లు బాగుచేసే రేకుల షెడ్డు ఉండేది. మైదానం నుంచి వచ్చి స్థిరపడిన పసుపు వ్యాపారి ఒకాయన తన పాత కారును లారీకి కట్టి లాగించుకొచ్చాడు. క్లచ్ ప్లేటు మాడిపోయింది. ఇంజను బలాన్ని గేర్లకు అందించే పలక అది. పెడల్ మీద కాలు ఊరికే ఆనించి ఉంచినా రాసుకుపోయి కాలుతుంది. ఆ ఏడాది అలా కాలడం రెండోసారి. ఘాటు రోడ్డు మలుపులోని అమ్మవారికి కోపం వచ్చిందని షావుకారు తేల్చేశాడు. కోడిని కోయించాడు, బంపరుకు నిమ్మకాయలు కట్టించాడు. ఇంకోసారి కాలితే డ్రైవరు సోములును మాన్పించేస్తానన్నాడు. కోడికి శిక్ష పడింది, సోములుకు పడబోతోంది. పెడల్ వైపు మాత్రం ఎవరూ వంగి చూడలేదు.

కొత్త ప్లేటు వేసి, సోములు పక్కన కూర్చుని ఘాటు దిగాను. సోములుది డుంబ్రిగుడ. పొట్టి మనిషి. ఎడమకాలు క్లచ్ మీంచి తీయడమే లేదు. ఎందుకు తీయవని అడిగాను.

“తీసి ఎక్కడెట్టమంతావు మేస్త్రీ? కిందెడితే అందదు. యేలాడితే తిమ్మిరెక్కుతాది. మలుపులో మడిసి పక్కకి జారిపోతాడు.”

రోగం దొరికింది. గుగ్గిలం చెక్కను ఏటవాలుగా కోసి, జారకుండా పైన పాత టైరు ముక్క కొట్టి, క్లచ్‌కు ఎడమ పక్కన బోల్టులతో బిగించాను. దీన్ని ఫుట్‌రెస్ట్ అంటారు, కాలు ఆనించుకునే పీట. హెడ్‌లైటు కాంతి తగ్గించే డిప్ స్విచ్ ఆ కాలపు కార్లలో నేలమీదే ఉండేది కాబట్టి దానికి అడ్డం రాకుండా అంచు చెక్కాను. సోములు నడిపి చూసి, కాలు ఇంటికొచ్చినట్టుందన్నాడు.

దసరా వెళ్లిన కొన్నాళ్లకు కారు మళ్లీ షెడ్డుకు వచ్చింది. అదే మాడు వాసన. తలుపు తీసి వంగాను. పీట నిండా పసుపు, మీద కుంకుమ బొట్లు, వాడిన బంతిదండ. టైరు ముక్క మీద ఒక్క కాలిముద్ర లేదు.

“దసరాకి షావుకారింటి అమ్మగారు బండికి పూజ సేసినారు. బొట్టెట్టినాక కాలెడితే కళ్లు పోవా?” అన్నాడు సోములు, తల వంచుకుని.

గడపకూ పసుపు రాస్తారు కదా, దాని మీద కాలు పెట్టరా అని కారుతో పాటు వచ్చిన షావుకారును నిలదీశాను.

“గడప దాటతాం మేస్త్రీ. తొక్కుతామేటి?” అన్నాడాయన. ఆ నోటితోనే, రేపట్నుంచి రావద్దని సోములుకు చెప్పేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం కాపాడాల్సిన చెక్కను దేవుణ్ని చేసి, ఆ దేవుడి సాక్షిగా ఉద్యోగం తీసేస్తారా? సీట్లో కూర్చుని బురద చెప్పుతో పీట మీద గట్టిగా తొక్కాను. నా కళ్లు ఉన్నాయో పోయాయో చూసుకోమన్నాను. సోములు నిజంగానే దగ్గరికొచ్చి చూశాడు. షావుకారు చాలాసేపు గొణిగి చివరికి, “మైలపడిపోనాది కదా, ఇంకేటున్నాది. తొక్కరా సోములూ” అన్నాడు.

నా వాదన ఆయన తలకెక్కలేదు. నా చెప్పు బురద ఎక్కింది. సోములు ఉద్యోగం నిలిచింది, మళ్లీ వేసిన కొత్త ప్లేటు ఏళ్లతరబడి మన్నింది. పనిముట్టు చేసివ్వడంతో పని అయిపోదని, దాన్ని పూజగదిలోకి పోకుండా కాయాలని నాకు తెలిసింది.

మీరు ఇప్పుడే లేచి కారు తలుపు తీయండి. వంగి డ్రైవరు ఎడమకాలు ఎక్కడుందో చూడండి. దానికి చోటు లేకపోతే ఇవాళే ఓ చెక్క బిగించండి. ఇంట్లోవాళ్లు పసుపు తెచ్చేలోగా మీ చెప్పుకాలితో దాన్ని తొక్కండి.