మీటరులో ఒక్క మైలు

కలకత్తా, 1994 ఫిబ్రవరి. ఏక్‌బాల్‌పూర్‌లో మేముండే ఇంటి కింద భాగమే నా గ్యారేజీ. ఒకప్పుడు ఆ ఇంటివాళ్లు గుర్రబ్బండి పెట్టుకున్న చోటు. గురువులు బాబాయ్ బండి కబురు నాకు మొదట తెచ్చింది కాంతమ్మ. ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్లలో గుమ్మం గుమ్మానికీ తిరిగి ఎండు చేపలు అమ్మే మనిషి. గంప దించి, నా చేతిలోని స్పానర్ చూసి నవ్వింది.

"ఏటమ్మా రూతూ, అందరి బళ్లూ బాగు సేత్తన్నావు గానీ మా గురువులు బండికి ఏటి సేసినావే? దుప్పటి కప్పి దేవుడి బొమ్మనాగ నిలబెట్టీసినాడు. నువ్విచ్చిన కాణ్ణుంచి కదిలింది నేదు."

"కదల్నేదా? ఇచ్చి అయిదు నెలలయింది కదే!"

"నాకేటి తెలుసు. ఆళ్లావిడ సూరమ్మనడిగితే, రూతమ్మే వద్దన్నాది అంటాది. నెత్తళ్లు తీసుకుంటావా, ఒద్దా?"

నెత్తళ్లు తీసుకున్నాను గానీ ఆ పూట వండలేదు. కాంతమ్మకు ఈ రోజుకీ కృతజ్ఞురాలిని. ఆవిడ ఆ మాట చెప్పి ఉండకపోతే, నేను చేసిన పనులన్నిటిలోకీ ఆ బండి బాగుచేయడమే మంచిదని చెప్పుకుంటూ తిరిగేదాన్ని. అప్పటిదాకా అలాగే చెప్పుకున్నాను కూడా.

నేను బడికి వెళ్లలేదు. నా చిన్నప్పుడే అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రెండు విషయాలు నేర్పాడు. పొద్దున్న బైబిలు ముందు పెట్టుకుని తెలుగు అక్షరాలు, డ్యూటీ దిగి వచ్చాక పాత మోటారు సైకిళ్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిలిటరీవాళ్లు వేలం వేసిన ఇంగ్లీషు బళ్లు ఈ ఊళ్లో చాలా మిగిలాయి. వాటికి పుట్టినప్పటి రూపం మళ్లీ తేవడమే మా పని. నాన్న పోయాక ఆ పని నాకు మిగిలింది. ఆయన చేతులు కొంచెం నా చేతుల్లోకి వచ్చినందుకు దేవుణ్ణి స్తుతించని రోజు లేదు.

ఆయన నేర్పినవాటిలో నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది అరుగుదల చూడటం. విప్పిన ప్రతి ముక్కనూ కిరసనాయిలులో కడిగి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఎక్కడ మెరుస్తోందో చూడాలి. పిస్టన్ ఒక పక్కనే మెరుస్తోందంటే దాన్ని మోసే కనెక్టింగ్ రాడ్ వంగిందన్నమాట. బండి ఎలా బతికిందో ఇనుమే చెబుతుంది. మాట్లాడే మనుషుల కన్నా దాన్నే ఎక్కువ నమ్మమనేవాడు నాన్న.

గురువులు బాబాయ్ డాకులో క్రేన్ డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. మాకు ఏ బంధుత్వమూ లేదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వాళ్లందరం ఇక్కడ ఒకరికొకరం బాబాయ్, పిన్నీ అయిపోతాం. కిందటి ఏడాది జూన్‌లో ఒక తోపుడు బండి మీద తన మోటారు సైకిలు వేయించుకుని వచ్చాడు. మూడు వందల యాభై సీసీ, ఒకే సిలిండరు. ఇంజను సీజ్ అయింది, అంటే నూనె అందక పిస్టన్ సిలిండరుకి పట్టేసింది. ఆయన వెనకే ఆయన భార్య సూరమ్మ వచ్చి, టిఫిన్ క్యారియరు పట్టుకుని గుమ్మం బయటే నిలబడింది.

"మీ నాయినున్నప్పుడే తేవాల్సింది తల్లీ. ఎన్నాళ్లు పడతాది?"

"మూడు నెలలు, బాబాయ్."

"మూడు నెలలా! మా సూరి ఆగదే. బడ్జ్ బడ్జ్‌లో దీని అక్క పైడమ్మ ఉన్నాది, జూట్ మిల్లు లైన్లలో. మంచమ్మీద పడిపోనాది. ఆదివారం ఆదివారం దీన్ని తీసుకెల్లి సూపించాల. బస్సన్నా రైలన్నా ఆ జనంలో దీనికి ఆయాసం."

"చూద్దాం బాబాయ్. ముందు విప్పనివ్వండి" అన్నాను. సూరమ్మ కేసి చూసి తల ఊపాను. బండి గురించి ఆమెను ఒక్క మాటా అడగలేదు.

విప్పాను. సిలిండరు రీబోర్ చేయించాను, అంటే అరిగిన గోడను సమంగా తొలిపించి దానికి సరిపడే పెద్ద పిస్టన్ వేయించడం. చక్రాల ఊచలు నేనే అల్లాను. నాన్న ఎప్పుడో ఒక ఓడ ఇంజినీరు దగ్గర సంపాదించిన పార్ట్స్ బుక్ ఉంది, ఆ మోడలు బొమ్మలతో సహా. బొమ్మలో ఉన్నట్టే చేయాలని నా పట్టుదల.

బొమ్మలో లేనిది ఒకటి ఆ బండికి ఉంది. ఈ పాత ఇంగ్లీషు బళ్లకు గేరు కుడికాలి కింద, వెనక చక్రం బ్రేకు ఎడమకాలి కింద ఉంటాయి. ఇప్పటి బళ్లకు తలకిందులు. ఈ బండి బ్రేకు పెడలుకి ఎవరో అరచెయ్యంత ఇనుప రేకు వెల్డింగు చేసి, ఫుట్‌రెస్టు కింద నుంచి వెనక్కి వంచారు. తెగిపోయిన చెప్పు అడుగులా అసహ్యంగా ఉంది. కడిగి వెలుతురుకి పట్టుకున్నాను. వెనక అంచు అద్దంలా మెరుస్తోంది. ముందు వైపు, మామూలుగా మనిషి పాదం ఆనే చోట, తుప్పు.

నేను దాన్ని చూశాను. చూడలేదని చెప్పను. చూసి, ఎవడో చేతగాని మిస్త్రీ చేసిన పని అనుకుని తుక్కు కుప్పలో పడేశాను. పాత విడిభాగాలు అమ్మే మల్లిక్ బజార్‌లో నాలుగు రోజులు తిరిగి, బొమ్మలో ఉన్న పెడలే దొరికించుకుని, నికెల్ పూత వేయించి బిగించాను. దొరికిన రోజు మోకరించి స్తోత్రం చెప్పుకున్నాను కూడా.

సెప్టెంబరులో, దుర్గా పూజల ముందు, బాబాయ్ వచ్చాడు. ఎప్పటిలాగే సైకిలు తోసుకుంటూ వచ్చాడు. ఆయన సైకిలు ఎక్కగా నేను ఎన్నడూ చూడలేదు, ఎందుకని అనుకోనూ లేదు. బండి స్టాండు మీద ఉండగానే ఎక్కి కూర్చుని కుడికాలితో కిక్ కొట్టాడు. రెండో కిక్‌కే అందుకుంది. ఆ చప్పుడుకి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఉత్సాహంగా వంగి పెడలు చూపించాను.

"చూడండి బాబాయ్, అసలుదే. ఎవరో రేకు అతికించి పాడుచేశారు, అది పీకేశాను."

ఆయన కొంచెం సేపు పెడలునే చూశాడు.

"బాగున్నాది తల్లీ. శానా బాగున్నాది."

అప్పుడు నేను ప్రతివాళ్లకూ చెప్పే మాటే ఆయనకూ చెప్పాను. కొత్త పిస్టన్ సిలిండరులో సర్దుకోవడాన్ని రన్నింగ్ ఇన్ అంటారు. "మీటరు సున్నాకి తిప్పి ఉంచాను బాబాయ్. ఐదు వందల మైళ్లు అయ్యేదాకా నెమ్మదిగా నడపాలి. ఒక్కరే ఎక్కాలి, వెనక ఎవర్నీ ఎక్కించుకోవద్దు." కొంచెం జాగ్రత్తగా నడిపితే ఇద్దరెక్కినా బండికి పెద్దగా ఏమీ కాదు. అయినా అలా చెప్పడం అలవాటు.

"నడపండి, ఒకసారి చూస్తాను" అన్నాను.

"వద్దులే. ఈయాల తోసుకునే ఎల్తాను. దారి పొడుగునా అందరూ సూడాల గదా." సైకిలు మర్నాడు పట్టుకెళ్తానని మా గుమ్మంలోనే వదిలి, బండి హ్యాండిలు పట్టుకుని నెమ్మదిగా తోసుకుంటూ వెళ్లాడు. ఎంత ముచ్చటైన మనిషో అనుకుని నేను గుమ్మంలో నిలబడి చూశాను.

కాంతమ్మ కబురు చెప్పిన మర్నాడు పనిముట్ల సంచి పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసింది సూరమ్మ.

"నువ్వేనా అమ్మా, ఇద్దరం ఎక్కొద్దన్నావు?" కోపంగా అనలేదు, తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. "అయిదొందల మైళ్లు ఎప్పుడౌతాయని రోజూ ఈయన్ని అడిగేదాన్ని. అవ్వనేదు, అవ్వనేదు అనేవోడు. ఈలోగా మా అక్క ఎల్లిపోనాది."

రెండుసార్లు బస్సులో బయల్దేరిందట. ఆయాసం వచ్చి రెండుసార్లూ సగం దారైనా కాకుండా తారాతలా దగ్గరే దిగిపోయిందట. డిసెంబరులో చావు కబురు వచ్చిన రోజు ఎవరో టాక్సీ తెచ్చారు. అప్పుడు మాత్రం వెళ్లగలిగింది.

బాబాయ్ మంచం మీద కూర్చుని నేలకేసి చూస్తున్నాడు.

"నేనే, పిన్నీ" అన్నాను. అబద్ధం కాదు కదా, చెప్పింది నేనే.

ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నేను దుప్పటి తీసి మీటరు చూశాను. ఒక్క మైలు చూపిస్తోంది. మా గ్యారేజీ నుంచి వాళ్లింటికి సరిగ్గా అంతే దూరం.

"బాబాయ్, ఒక్క మైలే తిరిగింది."

"తిరగనేదు తల్లీ. తోసినాను." గొంతు తగ్గించాడు. "వీధిలో ఓపాలి ఎక్కినాను. కాలు ఎతుక్కుంటాది గానీ పెడలు దొరకదు. గుమ్మం ముందరే దిగిపోనాను."

అప్పుడు చెప్పాడు. ఇరవై ఏళ్ల కిందట డాకులో సరుకు కట్టలు జారి ఎడమకాలి మీద పడ్డాయి. చీలమండ బిగుసుకుపోయింది. పాదం ముందుకు వంగదు, మడమతో మాత్రం నొక్కగలడు. ఆఫీసుకి తెలిస్తే క్రేన్ ఎక్కనివ్వరని డాక్టరుకి కూడా చూపించకుండా, కుంటు కనబడకుండా నడవడం నేర్చుకున్నాడు. ఆ రేకు ఆయన మడమ కోసం చేసింది.

"నాకు చెప్పాల్సింది కదా బాబాయ్. ఒక్క గంట పని."

"ఎలాగ సెప్పీది? ఆ పెడలు సూపించి ఎంత ముచ్చటపడ్డావో. పాతది ఏదమ్మా అని అడగాలంటే కాలు సూపించాల. ఇరవై ఏళ్లు బయటోళ్లెవులికీ సూపించనోణ్ణి, నీకేటి సూపిస్తాను? ఇయాల సెప్తాను, రేపు సెప్తాను అనుకున్నాను. నిజం సెప్తే సూరి నీ కాడికి పరిగెత్తుకొస్తాదని, ఆమెకి మాత్రం నీ మాటే సెప్పేసినాను. నన్ను సెమించు."

నన్ను క్షమించమని ఆయన అడిగాడు. నేను సంచిలోంచి అట్టముక్క తీసి నేల మీద పరిచాను. ఆయన తలుపు కేసి ఒకసారి చూసి బూటు విప్పాడు. అట్ట మీద పాదం పెట్టించి సుద్దతో చుట్టూ గీస్తున్నాను. ఇంతలో టీ గ్లాసులతో సూరమ్మ వచ్చి నిలబడిపోయింది. మా ఇద్దరినీ, అట్టనూ, పెడలునూ చూసింది. ఎవరూ చెప్పకుండానే ఆమెకు అంతా అర్థమైంది.

గ్లాసులు కింద పెట్టి నాతోనే అంది.

"ఆ గీత తప్పు. మడమ అక్కడ పడదు, ఇంకో రెండంగుళాలు బయటికి పడతాది. ఆ రేకు కొట్టించింది నేనే. ఎనకాల కూకున్నదాన్ని, ఆ కాలు ఎక్కడ పడతాదో నాకు తెల్దేటి? ఆ ఎల్డింగు సేసినోడికి నేనే ఏలెట్టి సూపించినాను." టీ గ్లాసు నా వైపు జరిపింది. "ఆ దినం నీ గుమ్మం కాడే ఉన్నాను గదమ్మా. నన్నొక్క మాట అడిగుంటే సెప్పీదాన్ని."

సామాన్ల దుకాణాలకు వెళ్తే నన్ను దాటి నా వెనకున్న మగవాళ్లతో మాట్లాడే వ్యాపారుల మీద నేనెన్నిసార్లు విసుక్కున్నానో. నా గుమ్మానికి వచ్చిన ఆడమనిషిని నేనూ అలాగే దాటి చూశాను. ఆ బండి మీద అందరికన్నా ఎక్కువ దూరం వెనక సీటులో కూర్చున్నది ఆమె.

పాత రేకు తుక్కుతో పాటు ఎప్పుడో పోయింది. కొత్తది మూడుసార్లు చేయాల్సి వచ్చింది. మూడోసారి సూరమ్మను బండి వెనక స్టూలు మీద కూర్చోబెట్టి, ఆమె చూపించిన చోటల్లా గుర్తు పెట్టుకుని వంచాను. నా నికెల్ పెడలు మీద నేనే వెల్డింగు పెట్టాను. బాబాయ్ వీధి చివరిదాకా నడిపి, మడమతో బ్రేకు నొక్కి, సరిగ్గా ఆమె ముందు ఆపాడు.

"ఎక్కు సూరీ. బడ్జ్ బడ్జ్ ఎల్లొద్దాం."

"ఇప్పుడెవులున్నారు అక్కడ?" అని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత ఎక్కింది. బజారుకి, ఆస్పత్రికి ఆయన వెనక కూర్చుని వెళ్లడం నేనే చూశాను. ఆ రోడ్డున మాత్రం మళ్లీ వెళ్లలేదని విన్నాను. నా మీద ఎప్పుడూ నిష్ఠూరం ఆడలేదు. క్రిస్మస్‌కి నేను కేకు పట్టుకెళ్తే, తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ డబ్బా పంపకుండా అరిసెలు వేసి పంపేది. ఆ దయకు నేను అర్హురాలిని కాదు, అయినా పుచ్చుకున్నాను.

ఇనుము అరుగుదల చదవగలనన్న గర్వం నాకు ఆ తర్వాత లేదు. మెరుపు ఎక్కడుందో కనబడింది. అక్కడ ఒక మనిషి మడమ ఉండి ఉంటుందని మాత్రం తోచలేదు. అప్పటి నుంచి ఏ బండి వచ్చినా స్పానర్ పట్టుకునే ముందు యజమానిని ఎక్కి కూర్చోమంటాను. వెనక ఎవరు కూర్చుంటారో అడిగి, వాళ్లను కూడా రమ్మంటాను. బొమ్మలో లేని ముక్క ఏది కనబడినా, అది ఎవరి కోసమో తెలిసేదాకా విప్పను. రన్నింగ్ ఇన్ గురించి చెప్పే ముందు, ఎక్కడికి వెళ్లాలి, ఎంత తొందర అని అడుగుతాను.

సూరమ్మ ఒకసారి చెప్పింది. బడ్జ్ బడ్జ్‌లో రైలు గేటు దాటుతుండగానే ఈ బండి చప్పుడు వాళ్ల అక్కకు వినబడేదట. మంచం మీంచే కోడలిని కేకేసి టీ నీళ్లు పెట్టించేదట. బండి బాగైందని సెప్టెంబరులో ఆమెకు కబురు వెళ్లింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం తలుపు తీసి ఉంచమనేదట.

నేను పైడమ్మను చూడలేదు. ఆమెకు నా పేరు కూడా తెలియదు. రోజూ ప్రార్థనలో ఆమె పేరు చెబుతాను, కానీ నా ఒక్కదాని గొంతు చాలదనిపిస్తుంది. ఇది చదివిన మీరు, ఎప్పుడైనా ఏ వీధిలోనైనా ఒక పాత బండి చప్పుడు వింటే, తలుపు తీయించి పెట్టుకుని ఎదురు చూసిన ఆ పైడమ్మను ఒక్కసారి తలచుకోండి.