దీదీ వస్తే చెప్పులు తొడుక్కునే మగవాళ్లు

ఒడిశా రాయగడలో మా రైల్వే క్వార్టర్ల వీధిలోకి, పిల్లలు పుట్టకుండా మాత్రలవీ ఇంటింటికీ పంచే ఆశా దీదీ సంచితో అడుగుపెట్టిందంటే చాలు, మగవాళ్లందరికీ ఒక్కసారిగా బయట పని గుర్తుకొచ్చేది. చెప్పులు తొడుక్కుని టీ కొట్టువైపు నడిచేవారు. ఎవరూ పొమ్మనలేదు. ఆవిడ సంచిలో ఉన్నవన్నీ ఆడవాళ్ల సంగతులని వాళ్లకి వాళ్లే తీర్మానించుకున్నారు. మా ఆయన అందరికంటే ముందుండేవాడు.

నిజమే, ఆ సంచిలోవన్నీ నా ఒంటిమీదకే వచ్చాయి. మొదటి పాప పుట్టాక మాత్రలు మింగితే తలనొప్పి వదల్లేదు. కాపర్‌టీ వేయించుకుంటే రక్తం ఆగక మంచం పట్టాను. మగవాళ్లు వాడాల్సిన ప్యాకెట్లు కూడా దీదీ ఊరికే ఇచ్చేది. నేను తెచ్చిస్తే మా ఆయన చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని బీరువా వెనక పడేసేవాడు.

రెండో కాన్పు కష్టమైంది. ఒంట్లో రక్తమే లేదని డాక్టరమ్మ కసిరింది. అయినా ఇంటికొచ్చిన మర్నాడే మా అత్త తేల్చేసింది.

"కూసింత సత్తువొచ్చేక ఆపరేషన్ సేయించీసుకో అమ్మీ. పీడా పోద్ది."

"నాను సేయించుకోను అత్తా. ఈసారి మీ అబ్బాయి వంతు."

"మగోడికి కోతేటే? పట్టాల మీద బరువులెత్తీవోడు. నడుం పడిపోతే?"

"మరి బిందెలెవలెత్తుతారు? నీళ్లు నడుసుకుంటూ ఇంట్లోకొస్తాయేటి?"

మా ఆయన కోరాపుట్ లైనులో ట్రాక్‌మన్. నడుం గురించి ఆయనకి బెంగ లేదు. తోటివాళ్లకి తెలిస్తే నవ్వుతారని ఆయన భయం.

నాకు ఒళ్లు మండింది. "నాకు రక్తం పోనాది. మీకు పరువు పోద్దంటున్నారు. ఏది ముందో మీరే సూసుకోండి," అని, ఆ సంగతి తేలేదాకా నా చాప పిల్లల పక్కన పరిచేశాను.

తర్వాత దీదీ వచ్చేరోజున ఆయన చెప్పులు బియ్యం డబ్బా వెనక దాచాను. వెతికి వెతికి, చివరికి కూర్చోక తప్పలేదు. దీదీ ఆయన మొహం చూడకుండా, నా వైపు తిరిగి ఆయనకి చెప్పింది. మగవాళ్లకి చేసేది ఆడవాళ్ల దానికన్నా చిన్న పని, పొట్ట కోసేది లేదు, అదే రోజు ఇంటికి రావచ్చు, కొద్దిరోజులాగి పనిలోకి పోవచ్చు. ఆయన గోళ్లు చూసుకుంటూ విన్నాడు. కొన్నాళ్లు నాన్చి, ఒకరోజు అన్నం తింటూ "సరే, ఎల్దాం" అన్నాడు.

ఆసుపత్రిలో నర్సు మా ఇద్దర్నీ చూసి, ఏమీ అడక్కుండా ఆకుపచ్చ గౌను నా చేతిలో పెట్టింది. గాజులు తీసేయమంది. పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, ఆ బల్ల మీద పడుకునేది ఎప్పుడూ ఆడవాళ్లేగా! మా ఆయన నా వైపు చూశాడు. పరీక్ష వాయిదా పడిందేమోనని ఆశపడే పిల్లాడి మొహం. నేను గాజులు తీయలేదు. ఆ మాట ఆయన నోటి నుంచే రావాలి. నర్సు విసుక్కుంది. చివరికి ఆయనే చెయ్యి చాచి గౌను తీసుకున్నాడు.

"ఆమెకి కాదు సిస్టర్, నాకు," అన్నాడు హిందీలో.

పెళ్లినాడు కూడా ఆ మనిషి మీద నాకంత ఇష్టం కలగలేదు.

మేం ఇల్లు చేరేలోపే, ఆపరేషన్ నాకేనని మా అత్త వీధంతా చెప్పేసింది. మా వీధిలో ఆపరేషనయిన ఆడదానికి ఇరుగుపొరుగు పత్యం వండి తెస్తారు. మెత్తటి అన్నం, మిరియాల చారు, వెల్లుల్లి కారం. పక్కింటావిడ క్యారేజీతో వచ్చేసరికి నేను కొళాయి దగ్గర బిందె ఎత్తుకుంటున్నాను.

"ఓలమ్మ! కుట్లూడిపోతాయి, దించీయే అమ్మీ!"

"నాకు కుట్లు నేవు. ఆపరేషన్ మా ఆయనకి. పత్యం ఆయనకే పెట్టండి," అన్నాను, వీధికంతా వినపడేలా.

అత్త మొహం మాడిపోయింది. క్యారేజీ అందుకుని లోపలికెళ్లింది. ఇక గొడవేనని సిద్ధపడి నేనూ వెళ్లాను. ఆవిడ కొడుక్కి అన్నంలో చారు కలుపుతోంది. నా వైపు చూడకుండానే అంది:

"నాకు క్యాంపులో ఆపరేషన్ సేసినప్పుడు మర్నాడే కట్టెల మోపెత్తేను. కుట్లు సీము పట్టీసేయి. మీ మావ ఇంట్లోనే ఉన్నాడు. బరువులెత్తొద్దని ఒక్కలూ అన్నేదు."

నాకు ఏడుపొచ్చింది. మా ఆయన తలెత్తకుండా తిన్నాడు.

ఆపరేషనయినా వెంటనే నమ్మకూడదనీ, మూడు నెలలాగి పరీక్ష చేయించుకోవాలనీ, అందాకా ప్యాకెట్లు వాడాలనీ ఆసుపత్రిలో చెప్పారు. వాటిని ఇవ్వడానికే దీదీ మళ్లీ వచ్చింది. గుమ్మంలోంచే, "మీ అబ్బాయి ఉన్నాడా?" అని అత్తనడిగింది. ఆ గొంతు వినగానే మా ఆయన అలవాటుగా లేచి, ఒక కాలికి చెప్పు తొడిగేశాడు.

అత్త బియ్యం చెరుగుతూనే అంది:

"సెప్పులిప్పి కూకోరా. నీకోసమే వచ్చింది."